అల్ట్రాసౌండ్ చూస్తూ సెంట్రల్ లైన్ పెట్టడం: సూది కొన కనబడే దాకా చెయ్యి కదపొద్దు

నల్లగొండలో మా ఐసీయూ నైట్ డ్యూటీ దిగే పీజీలు పొద్దున టీ తాగుతూ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, సిర కనబడింది, సూది కనబడింది, సూది సిరలోనే ఉంది. అయినా రక్తం రాలేదు. ఎందుకు?"

ఎందుకంటే వాళ్లు చూసింది సూది నడుముని. కొన అప్పటికే వెనక గోడ దాటి వెళ్లిపోయింది. ప్రోబ్ కింద సూది ఎక్కడ అడ్డంగా తగిలినా స్క్రీన్ మీద ఒక తెల్ల చుక్కే పడుతుంది. అది కొనో నడుమో ఆ చుక్క చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

ఇక్కడ రాసింది పెద్దవాళ్లకు సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే సన్నని గొట్టం) పెట్టడం గురించి, ఎక్కువగా మెడలో కుడివైపు ఉండే ఇంటర్నల్ జుగులర్ సిరలో. హౌస్ సర్జన్లు, కొత్త పీజీలు ఇది చదివి ఒంటరిగా మొదలుపెట్టొద్దు. మొదటి లైన్లు సీనియర్ పక్కన నిలబడి చూస్తుండగానే పెట్టాలి.

1. ఈ లైన్ ఇప్పుడే కావాలా?

బీపీ 70 చూడగానే సెంట్రల్ లైన్ కిట్ తెప్పించడం మనకు అలవాటైపోయింది. సెప్టిక్ షాక్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయినప్పుడు) బీపీ పెంచే నార్‌అడ్రినలిన్‌ను మోచేతి దగ్గరి మంచి సిరలో 18 లేదా 20 గేజ్ క్యాన్యులా ద్వారా మొదలుపెట్టవచ్చు. ఆ చోట వాపు, పాలిపోవడం వస్తుందేమో నర్సు చూస్తూ ఉండాలి. బీపీ కాస్త నిలబడ్డాక లైన్ నిదానంగా పెట్టుకోవచ్చు.

హైదరాబాద్ మనకు ఇటు నల్లగొండ నుంచైనా, అటు మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. అంబులెన్స్ గేటు దగ్గర ఆగి ఉండగా హడావిడిగా మెడలో పెట్టే లైన్ కన్నా రెండు మంచి పెరిఫెరల్ క్యాన్యులాలు వేసి పంపడం చాలాసార్లు మేలు.

ఇంకో మాట. ఫ్లూయిడ్స్ వేగంగా ఎక్కించడానికి ట్రిపుల్ లూమెన్ (లోపల మూడు దారులున్న సెంట్రల్ లైన్) పనికొచ్చే వస్తువు కాదు. అది పొడుగు, సన్నం. పొట్టి 16 గేజ్ పెరిఫెరల్ క్యాన్యులా దానికన్నా వేగంగా ఎక్కిస్తుంది.

2. బంధువులతో మాట్లాడటం

కన్సెంట్ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడంతో పని అయిపోదు. "సారూ, మెడకాడ సూది గుచ్చుతే మా అయ్యకు ఏమన్న అయితదా?" అని అడుగుతారు. "ఏం కాదు" అని మాత్రం చెప్పకండి.

నేను చెప్పేది ఇలా ఉంటుంది: "అమ్మా, చేతి నరాలల్ల ఎక్కువసేపు ఈ మందు ఎక్కిస్తే చెయ్యి పాడైతది. అందుకే మెడకాడ ఉన్న పెద్ద నరంల సన్న పైపు పెడుతున్నం. మిషన్ల చూసుకుంట పెడతం. అయినా ఒక్కోసారి రక్తం కారొచ్చు, ఊపిరితిత్తికి గాలి పట్టొచ్చు, తర్వాత ఇన్ఫెక్షన్ రావొచ్చు. అట్లయితే ఏం చెయ్యాల్నో దానికి తయారుగనే ఉన్నం." నిమిషం కూడా పట్టదు. తర్వాత ఏదైనా జరిగితే ఈ నిమిషం విలువ తెలుస్తుంది.

3. మెషీన్ సిద్ధం చేయడం

- పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భంలో లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) కింద మీ ఆసుపత్రి పేరున రిజిస్టర్ అయిన మెషీనే వాడాలి. పక్క నర్సింగ్ హోమ్ నుంచి "ఒక్క గంటకు" తెచ్చుకోవడం కుదరదు.
- లీనియర్ ప్రోబ్ కావాలి. పొట్ట చూసే వంపు ప్రోబ్‌తో మెడలో సూది కొన సరిగ్గా కనబడదు.
- డెప్త్ 3–4 సెం.మీ. చాలు. 8 సెం.మీ. పెట్టుకుంటే సిర స్క్రీన్ పైమూలన శనగగింజంత కనబడుతుంది.
- బ్యాటరీ చార్జింగ్ చూసుకోండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లు సరిగ్గా సూది లోపల ఉన్నప్పుడే వస్తాయి.
- మీరు తల దగ్గర నిలబడితే మెషీన్ పేషెంట్ నడుము దగ్గర, మీకు ఎదురుగా ఉండాలి. సూది, ప్రోబ్, స్క్రీన్ ఒకే వరుసలో ఉంటే మెడ తిప్పే పని ఉండదు.

చివరగా, ప్రోబ్ ఎడమ అంచును వేలితో తాకండి. స్క్రీన్ మీద కూడా ఎడమ పక్కే కదలిక రావాలి. ఈ చిన్న పరీక్ష వదిలేసినవాళ్లు సూదిని కుడికి జరపబోయి ఎడమకు, అంటే కెరోటిడ్ (మెడలోని పెద్ద ధమని) వైపు జరుపుతారు.

4. గ్లౌజులు వేసుకోకముందే ఒకసారి స్కాన్

దీన్ని ఎవరూ చేయరు. అందరూ చేయాల్సింది ఇదే. రెండు వైపులా చూసి, ఏ వైపు మంచిదో తేల్చుకుని అప్పుడు చేతులు కడగండి.

చూడాల్సినవి:

- ఏది సిర, ఏది ధమని? ప్రోబ్‌తో కొద్దిగా నొక్కితే సిర నలిగిపోతుంది. ధమని గుండ్రంగానే ఉండి కొట్టుకుంటుంది.
- సిర పూర్తిగా నలగడం లేదా? లోపల గడ్డ ఉండొచ్చు. అంతకుముందు డయాలసిస్ క్యాథెటర్ పెట్టినవాళ్లలో దీన్ని తప్పకుండా చూడాలి. గడ్డ ఉంటే ఆ వైపు వద్దు.
- సిర ధమనికి పక్కన ఉందా, సరిగ్గా మీద ఉందా? మీద ఉంటే ప్రోబ్‌ను కాస్త పైకీ కిందికీ జరిపి, రెండూ విడిపోయే చోటు వెతకండి.
- సిర మధ్యభాగం చర్మం నుంచి ఎంత లోతు? ఆ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత మూడుసార్లు పనికొస్తుంది.
- రెండు వైపులా ఛాతీ ముందు భాగంలో ఊపిరితిత్తి జారడం (శ్వాసతో పాటు ఛాతీ గోడ లోపల అది అటూ ఇటూ కదలడం) కనబడుతోందా? ఇప్పుడు చూసి ఉంటేనే లైన్ పెట్టాక పోల్చుకోగలరు.

సిర కనబడటం లేదని చెప్పేవాళ్లలో సగం మంది ప్రోబ్‌ను గట్టిగా అదిమి పెట్టినవాళ్లే. చిటికెన వేలు పేషెంట్ దవడకో కాలర్ ఎముకకో ఆనించి, ప్రోబ్ బరువు చర్మం మీద పడకుండా పట్టుకోండి.

5. పడుకోబెట్టే తీరు

తలవైపు 10–15 డిగ్రీలు కిందికి దించితే సిర ఉబ్బుతుంది, గాలి లోపలికి పోయే ప్రమాదమూ తగ్గుతుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లకు ఇది వద్దు.

మన దగ్గర తరచూ వచ్చే చిక్కు పురుగుల మందు కేసులు. నోటి నిండా స్రావాలు, ఆయాసం. ట్యూబ్ వేయకముందు వాళ్ల తల దించితే ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతారు. ముందు శ్వాస సంగతి చూడండి, తర్వాతే లైన్. తల దించలేకపోతే కాళ్లు పైకెత్తి పెట్టండి.

తలను ఎదురువైపుకు కొద్దిగా తిప్పితే చాలు, 45 డిగ్రీలు దాటొద్దు. ఎక్కువ తిప్పిన కొద్దీ సిర వెళ్లి కెరోటిడ్ మీద కూర్చుంటుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో ఫ్లోరోసిస్ వల్ల మెడ, వెన్ను కర్రలా బిగుసుకుపోయి ఉంటాయి. తల తిరగదు, దిండు తీస్తే వెనక్కి వాలదు. బలవంతం చేయకండి. దిండు ఉన్నట్టే ఉంచి, తల నిటారుగానే ఉంచి స్కాన్ చేయండి. అల్ట్రాసౌండ్ ఉన్నాక మెడ తిప్పడం తప్పనిసరేం కాదు. దవడ కింద ప్రోబ్‌కు చోటే దొరక్కపోతే తొడ దగ్గరికి వెళ్లండి.

మే నెలలో వడదెబ్బతోనో, వాంతులు విరేచనాలతోనో వచ్చినవాళ్లలో సిర శ్వాస తీసుకున్నప్పుడల్లా మూతపడుతుంది. ఒత్తిడి లేకుండా పట్టుకున్నా అలాగే ఉంటే, ముందు కొంత ఫ్లూయిడ్ ఇచ్చి మళ్లీ చూడండి.

6. ట్రాలీ చెక్‌లిస్ట్

- టోపీ, మాస్క్, స్టెరైల్ గౌను, గ్లౌజులు
- పేషెంట్‌ను తల నుంచి పాదాల దాకా కప్పే పెద్ద డ్రేప్ (నడుమ చిల్లు ఉన్న చిన్న గుడ్డ చాలదు)
- ఆల్కహాల్‌లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్. రుద్దాక కనీసం 30 సెకన్లు, పూర్తిగా ఆరేదాకా ఆగాలి, ఊదొద్దు, తుడవొద్దు
- ప్రోబ్‌కు పొడవాటి స్టెరైల్ కవర్, స్టెరైల్ జెల్
- లిగ్నోకెయిన్, సెలైన్, సిరంజిలు, కుట్టు దారం, పారదర్శక డ్రెస్సింగ్
- ఈసీజీ మానిటర్ శబ్దం వినబడేలా

ప్రోబ్ కవర్ లేదని చాలాచోట్ల గ్లౌజు తొడుగుతారు. గ్లౌజు ప్రోబ్‌ను కప్పుతుంది, తీగను కప్పదు. ఆ తీగ మీ స్టెరైల్ డ్రేప్ మీదే పడి దొర్లుతుంది. దానికన్నా ఆపరేషన్ థియేటర్‌లో ల్యాప్రోస్కోపీ కెమెరాకు వాడే స్టెరైల్ కవర్ అడిగి తెచ్చుకోండి. లోపల జెల్ వేసి, గాలి బుడగలు లేకుండా లాగి బిగించండి. బయట స్టెరైల్ జెల్ లేకపోతే స్టెరైల్ సెలైన్ తడి చాలు.

క్యాథెటర్ లూమెన్లన్నీ సెలైన్‌తో నింపండి. చివరి కొసకు తెరుచుకునే లూమెన్ మూత మాత్రం తీసి ఉంచాలి, క్యాథెటర్‌కు దారి చూపే సన్నని తీగ, అంటే వైర్, బయటికి వచ్చేది అందులోంచే. మూత తీయడం మరిచి, వైర్ ఎందుకు రావడం లేదని చెమటలు పట్టిన రోజు ప్రతి డాక్టర్ జీవితంలోనూ ఒకటుంటుంది.

7. సూది: అసలు పని

ఇక్కడ తొందర వద్దు. మిగతా అన్ని మెట్లూ కలిపినా ఇంత జాగ్రత్త అడగవు.

*అ) దూరం లెక్క.* సిరను అడ్డకోతలో, స్క్రీన్ సరిగ్గా నడుమకు తెచ్చుకోండి. సిర మధ్యభాగం 1.5 సెం.మీ. లోతు ఉందనుకుందాం. ప్రోబ్ నుంచి 1.5 సెం.మీ. వెనక, 45 డిగ్రీల వాలుతో గుచ్చితే సూది సరిగ్గా ప్రోబ్ కింద సిరను కలుస్తుంది. అప్పటికి లోపలికి వెళ్లే సూది పొడవు సుమారు 2.1 సెం.మీ. అంతకు మించి వెళ్లినా కొన కనబడలేదంటే ఆగిపోండి.

*ఆ) మత్తు.* గుచ్చే చోట లిగ్నోకెయిన్ ఇచ్చేటప్పుడు కూడా స్క్రీన్ చూడండి. మందు ఉబ్బే చోటు మీ దారి సరిగ్గా ఉందో లేదో చూపిస్తుంది. ఇది ఉచితంగా దొరికే రిహార్సల్.

*ఇ) కొనను పట్టుకోవడం.* సూది చర్మం దాటగానే ఆపండి. ప్రోబ్‌ను సూది వైపు వాల్చి తెల్ల చుక్కను పట్టుకోండి. ఇప్పుడు సూది కదలకుండా, ప్రోబ్‌ను 2–3 మిల్లీమీటర్లు ముందుకు జరపండి. చుక్క మాయమైతే మీరు కొనను దాటారు, అంటే ఇంతసేపూ చూసింది కొననే. మాయం కాకపోతే అది నడుము, కొన ఇంకా ముందుంది. అలాగే జరుపుతూ మాయమయ్యే దాకా వెళ్లండి.

*ఈ) ఒకదాని వెనక ఒకటి.* చుక్క మాయమయ్యాక, ప్రోబ్‌ను ఆపి సూదిని ముందుకు తోయండి. చుక్క మళ్లీ కనబడగానే సూది ఆపాలి, ప్రోబ్ కదలాలి. ప్రోబ్ అడుగు, సూది అడుగు. రెండూ ఒకేసారి కదలకూడదు. పిల్లాణ్ని నడిపించే తల్లిలా ప్రోబ్ ఎప్పుడూ ఒక అడుగు ముందుండాలి.

*ఉ) గోడ దాటడం.* సూది ఆనగానే సిర పైగోడ లోపలికి వంగుతుంది. మన పీజీలు ఇక్కడే గట్టిగా పొడిచి వెనక గోడ కూడా చీలుస్తారు. చిన్న కుదుపుతో పైగోడ మాత్రమే దాటించండి. నల్లటి వలయం మధ్యలో తెల్ల చుక్క కనబడాలి.

*ఊ) ఇంకాస్త లోపలికి.* రక్తం రాగానే ప్రోబ్ కింద పడేయకండి. సూది వాలు తగ్గించి, కొనను వలయం నడుమనే ఉంచుతూ ఇంకో కొన్ని మిల్లీమీటర్లు సిర లోపల నడిపించండి. అంచున ఉన్న కొన సిరంజి విప్పేటప్పుడు జారిపోతుంది. "రక్తం బాగా వచ్చింది సార్, వైర్ పోవడం లేదు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

సూదిని పొడవునా చూపించే నిలువుకోత పద్ధతిలో కొన స్పష్టంగా కనబడుతుంది, నిజమే. కానీ పక్కనున్న కెరోటిడ్ ఆ చూపులో ఉండదు. ప్రోబ్ వెంట్రుకవాసి జరిగితే సిర బదులు ధమనిని చూస్తూ ఉండిపోవచ్చు. నా సలహా: నేర్చుకునే రోజుల్లో అడ్డకోతలో గుచ్చండి, నిలువుకోతలో వైర్ చూసుకోండి.

ఇంట్లో సాధన చేయాలంటే బోన్‌లెస్ చికెన్ ముక్క కొని, అందులో నీళ్లు నింపిన పొడవాటి బెలూన్ దూర్చండి. కొన మాయమవడం, మళ్లీ రావడం ఆదివారం పూట గంటసేపు చేస్తే చెయ్యికి అర్థమైపోతుంది. ఆ చికెన్ మాత్రం వండొద్దు.

8. వైర్: డైలేటర్‌కు ముందు ఆగాల్సిన చోటు

సూది హబ్‌ను ఎడమ చేత్తో మెడకు ఆనించి బిగించి, సిరంజి విప్పండి. వైర్ వెన్నలో దూరినట్టు పోవాలి. అడ్డు తగిలితే తోయొద్దు. వెనక్కి లాగేటప్పుడు కూడా పట్టేస్తే, సూదీ వైరూ కలిపి బయటికి తీయండి. సూది లోపలుండగా వైర్‌ను బలంగా లాగితే తెగి లోపలే ఉండిపోతుంది.

18–20 సెం.మీ. మించి లోపలికి పంపొద్దు. మానిటర్ మీద ఎక్టోపిక్ బీట్స్ (లయ తప్పి మధ్యలో వచ్చే గుండె చప్పుళ్లు) మొదలైతే వైర్ గుండెను తాకినట్టే. కొద్దిగా వెనక్కి లాగండి.

ఇప్పుడు ఆగండి. సూది తీసేసి, వైర్ చేతిలో పట్టుకుని, మళ్లీ ప్రోబ్ పెట్టండి. అడ్డకోతలో, నిలువుకోతలో, రెండింటిలోనూ వైర్ సిరలోనే ఉన్నట్టు కనబడాలి. సిర లోపల వైర్ పొడవునా మెడ కిందికి వెళ్తూ కనబడాలి, వెనక గోడ దాటి ధమనిలోకి దిగకూడదు.

దీని మీద నాకెందుకింత పట్టు అంటే, పీజీగా ఉన్న రోజుల్లో ఒక రాత్రి పురుగుల మందు తాగిన ఒక యువ రైతుకు లైన్ పెడుతున్నాను. సాచురేషన్ 80ల్లో, బీపీ అందడం లేదు. సిరంజిలోకి నల్లటి రక్తం నెమ్మదిగా వచ్చింది. ఎగసిపడలేదు. సిరే అనుకున్నాను, వైర్ కూడా సులువుగా పోయింది. డైలేటర్ (సిర దాకా దారి వెడల్పు చేసే గొట్టం) చేతిలోకి తీసుకున్నాక, సీనియర్ మేడమ్ "ఒక్కసారి ప్రోబ్ పెట్టు" అన్నారు. వైర్ కెరోటిడ్‌లో ఉంది. తీసేసి, పావుగంట నొక్కి పట్టుకున్నాను. అప్పుడు నా వేళ్ల కింద కొట్టుకున్న ఆ నాడి ఇప్పటికీ గుర్తుంది.

ఆక్సిజన్ తగ్గినవాళ్లలో, బీపీ పడిపోయినవాళ్లలో రక్తం రంగునీ వేగాన్నీ నమ్మొద్దు.

9. డైలేటర్, క్యాథెటర్

వైర్ పక్కన చర్మానికి చిన్న గాటు పెట్టండి. డైలేటర్ పని చర్మం నుంచి సిర దాకా దారి వెడల్పు చేయడమే. సిర 1.5 సెం.మీ. లోతు ఉంటే, వాలు దారిలో 2–3 సెం.మీ. పోతే చాలు. చేతికి అంత పొడుగు డైలేటర్ ఇచ్చారు కదా అని పిడి దాకా దూర్చితే పెద్ద రక్తనాళాలే చిరుగుతాయి. తోసేటప్పుడు మధ్యమధ్యలో వైర్‌ను ముందుకూ వెనక్కూ కదిపి చూడండి. స్వేచ్ఛగా కదలాలి. పట్టేస్తే వైర్ మడత పడుతోందన్నమాట.

క్యాథెటర్‌ను వైర్ మీదుగా ఎక్కించేటప్పుడు, వైర్ చివర బయటికి వచ్చి మీ వేళ్లకు చిక్కే దాకా క్యాథెటర్ చర్మంలోకి పోకూడదు. సగటు ఎత్తు మనిషికి కుడివైపు 12–14 సెం.మీ., ఎడమవైపు ఇంకో 2–3 సెం.మీ. ఎక్కువ.

వైర్ తీశాక నర్సుకు చూపించి, "వైర్ బయటికి వచ్చింది" అని గట్టిగా చెప్పండి. నర్సు దాన్ని షీట్‌లో రాయాలి.

10. కుట్టు వేశాక

- ప్రతి లూమెన్ నుంచి రక్తం వెనక్కి వస్తోందా? సెలైన్‌తో ఫ్లష్ చేశారా?
- రెండు వైపులా ఊపిరితిత్తి జారడం మొదటి స్కాన్‌లోలాగే ఉందా?
- గుండె కనబడే ప్రోబ్ ఉంటే, సెలైన్ వేగంగా ఫ్లష్ చేసి కుడి ఏట్రియంలో (గుండె కుడివైపు పై గదిలో) బుడగల మెరుపు చూడండి. 2 సెకన్లలోపు రావాలి.
- ఎక్స్‌రేలో కొస దాదాపు క్యారినా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) ఎత్తులో ఉందా?
- పెట్టిన తేదీ, సమయం, లోతు, ఎన్ని పోట్లు పడ్డాయో రాశారా?

పోట్ల సంఖ్య రాయడానికి సిగ్గుపడొద్దు. రెండు మూడు ప్రయత్నాలు దాటితే వేరే డాక్టర్ చేతికి ఇవ్వండి. సీనియర్‌ను అర్ధరాత్రి నిద్ర లేపడం తప్పేం కాదు.

11. దారి తప్పితే

*సన్నని సూది ధమనిలోకి పోయింది:* తీసేయండి. కనీసం 10 నిమిషాలు గడియారం చూసి నొక్కండి. గుడ్డ ఎత్తి మధ్యలో చూడొద్దు. తర్వాత స్కాన్ చేసి గడ్డ కడుతోందేమో చూసుకోండి.

*డైలేటర్ లేదా క్యాథెటర్ ధమనిలోకి పోయింది:* లాగేయొద్దు! చెయ్యి సహజంగా లాగేయమనే అంటుంది. ఉన్నది ఉన్నట్టే ఉంచి, రక్తనాళాల సర్జన్‌తో మాట్లాడి, అలాగే పంపండి.

*సిరా ధమనా అనుమానంగా ఉంది:* క్యాథెటర్‌ను ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్‌కు కలపండి, లేదా బ్లడ్ గ్యాస్ తీసి ధమని నమూనాతో పోల్చండి. తేలేదాకా మందులేవీ ఎక్కించొద్దు.

*హఠాత్తుగా ఆయాసం, సాచురేషన్ పడిపోవడం:* వెంటనే ఊపిరితిత్తి స్కాన్ చేయండి. జారడం పోయి బీపీ కూడా పడిపోతే టెన్షన్ న్యుమోథోరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి గుండెను కూడా నొక్కేయడం) అనుకునే పని చేయాలి, ఎక్స్‌రే కోసం ఆగొద్దు.

*లైన్ తెరిచి ఉండగా గాలి పీల్చుకుంది:* వేలితో మూసేయండి, తలవైపు కిందికి దించి పేషెంట్‌ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి.

12. మెడ కాకపోతే

తొడ దగ్గర సిర ధమనికి లోపలి పక్కన ఉంటుంది. ఇంగ్వైనల్ లిగమెంట్‌కు (గజ్జల దగ్గరి గట్టి పట్టీకి) కిందే గుచ్చాలి. పైన గుచ్చితే రక్తం పొట్ట వెనక చేరుతుంది, బయటికి కనబడదు. కాలర్ ఎముక కింద అల్ట్రాసౌండ్‌తో పెట్టడం వేరే పాఠం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: డయాలసిస్ అవసరం పడేలా ఉన్న కిడ్నీ పేషెంట్లకు సబ్‌క్లేవియన్ (కాలర్ ఎముక కింది సిర) వద్దు. ఆ సిర ఇరుకైపోతే రేపు ఆ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలపడం) పనిచేయదు.

13. రోజూ చూసుకోవడం, తీసేయడం

రౌండ్స్‌లో రోజూ ఒకే ప్రశ్న: ఈ లైన్ ఇవాళ కూడా కావాలా? పారదర్శక డ్రెస్సింగ్ 7 రోజులకోసారి, గాజుగుడ్డ అయితే 2 రోజులకోసారి మార్చాలి. తడిసినా ఊడినా వెంటనే మార్చాలి. ఎండాకాలం ఏసీ లేని వార్డులో చెమటకు అది రెండో రోజే లేస్తుంది. హబ్ ముట్టిన ప్రతిసారీ ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు రుద్దాలి.

తీసేటప్పుడు పేషెంట్‌ను కుర్చీలో కూర్చోబెట్టి లాగొద్దు, గాలి లోపలికి పోతుంది. పడుకోబెట్టి, తల దించి, ఊపిరి బయటికి వదులుతుండగా లాగండి. 5 నిమిషాలు నొక్కి, గాలి చొరబడని డ్రెస్సింగ్ వేయండి. బయటికి వచ్చిన క్యాథెటర్‌ను వెలుతురులో పెట్టి, కొస పూర్తిగా ఉందో లేదో చూసి, చూశానని కేస్ షీట్‌లో రాయండి.